ముందు అమ్మండి, అద్దెకు వెళ్లండి, ఆ తర్వాతే కొనండి

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. అమ్మడమో కొనడమో ఏదో ఒకటే చేసేవాళ్లకు ఈ సామెతలో సగమే ఎదురవుతుంది. ఉన్న ఇల్లు అమ్మి, వచ్చిన డబ్బుతో ఇంకో ఇల్లు కొనాలనుకునేవాళ్లకు మాత్రం రెండు సగాలూ ఒకేసారి మీద పడతాయి. బెంగళూరులో నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు సరిగ్గా ఇక్కడే ఉన్నారు. పదేళ్ల కిందట మారతహళ్లిలోనో, కె.ఆర్.పురంలోనో, కసవనహళ్లిలోనో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నారు. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటున్నారు. వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని. ఇంకో గది కావాలి. న్యాయమైన కోరికే.

నా అభ్యంతరమంతా వాళ్లు ఎంచుకునే వరస మీదే. ఆదివారం పూట ఊరికే చూసొద్దామని వెళ్తారు. ఇల్లు నచ్చుతుంది. ఇంకెవరో కూడా చూస్తున్నారని బ్రోకర్ చెప్తాడు. టోకెన్ ఇచ్చేస్తారు. ఇంటికొచ్చాక ఉన్న ఫ్లాట్ అమ్మకానికి పెడతారు. "మనది మంచి ఏరియా, మూడు నెలల్లో పోతుంది" అనుకుంటారు. ఆ మూడు నెలలు ఆరవుతాయి, కొందరికి ఏడాది దాటుతుంది. ఆలోగా ఆ ఇంట్లో మనుషుల మధ్య మాటలు ఎలా మారిపోతాయో నేను దగ్గర నుంచి చూశాను. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. ముందు పాతది అమ్మండి. అవసరమైతే కొన్నాళ్లు అద్దెకు ఉండండి. చేతిలో డబ్బు పెట్టుకుని కొత్తది కొనండి.

ఈ మాట అనగానే వచ్చే జవాబు నాకు తెలుసు. మేం మా ఫ్లాట్ అమ్ముతున్నామని చెప్పినప్పుడు మా అత్తయ్య అన్న మొదటి మాట, "సొంతిల్లు అమ్ముకుని అద్దింట్లోకి పోతారా? ఊళ్లో ఏమనుకుంటారు?" ఆవిడ బాధ నాకు అర్థమైంది. మదనపల్లె చుట్టుపక్కల ఆమె చూసిన లోకంలో ఇల్లు అమ్మారంటే ఆ కుటుంబం చితికిపోయిందనే లెక్క. అప్పులపాలైనవాళ్లే అమ్మేవాళ్లు. ఆ భయం తరాల నుంచి వచ్చింది. కొట్టిపారేయలేం. కానీ ఇవాళ బెంగళూరులో మన ఇళ్లల్లో ముందు కొని తర్వాత అమ్మే తప్పుడు వరసకు అసలు కారణం ఈ సిగ్గేనని నా నమ్మకం. వడ్డీ లెక్కలు, మార్కెట్ అంచనాలు అన్నీ పైకి చెప్పుకునే మాటలు. కొన్ని నెలలు అద్దింట్లో ఉన్నామని బంధువులకు తెలియకూడదని లక్షలు పోగొట్టుకుంటున్నాం.

లెక్క వేసి చూద్దాం. పాత ఫ్లాట్ 85 లక్షలు పలుకుతుందని, దానిమీద ఇంకా 30 లక్షల లోన్, 15 ఏళ్ల గడువు మిగిలి ఉన్నాయని అనుకుందాం. కొత్తది కోటిన్నర. లోన్ 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే గరిష్ఠంగా వచ్చేది కోటీ 12 లక్షల 50 వేలు. మిగతా 37 లక్షల 50 వేలు మనం పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు ఈ లెక్కలో కలపదు. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం. దానిమీద సెస్సు, సర్‌ఛార్జి. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం నుంచి 2 శాతానికి పెంచారు. అన్నీ కలిపి నగరంలో 7.6 శాతం, అంటే మన కోటిన్నరకు 11 లక్షల 40 వేలు. మొత్తం దాదాపు 49 లక్షలు సొంత డబ్బు కావాలి. ఇంటీరియర్స్ ఇంకా మొదలే కాలేదు.

ఈ 49 లక్షలు ఎక్కడున్నాయి? పాత ఫ్లాట్ గోడల్లో ఉన్నాయి. అది అమ్మి, 30 లక్షల లోన్ తీర్చి, బ్రోకరేజీ ఇస్తే 54 లక్షల దాకా మిగులుతుంది. కాగితం మీద సరిపోయింది. అమ్మకం 78 లక్షలకే కుదిరితే మిగిలేది 47. కాగితం మీద కూడా సరిపోలేదు. 85 అనే అంకె మనకు ఎక్కడి నుంచి వచ్చింది? వెబ్‌సైట్లలో పక్క బ్లాకువాళ్లు పెట్టిన రేటు చూసి అనుకున్నాం. అది వాళ్లు అడుగుతున్న రేటు. ఎవరైనా ఇచ్చిన రేటు కాదు. ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా మెట్రో పనులు జరుగుతున్న చోట్ల అయితే రేపు రైలు వచ్చాక పలకాల్సిన రేటు ఇవాళే అడుగుతున్నారు. అగ్రిమెంట్ మీద సంతకం, అకౌంట్లో అడ్వాన్సు పడేదాకా మన ఫ్లాట్‌కు రేటు లేదనే అనుకోవాలి.

పాతది అమ్ముడుపోకుండానే ఈ 49 లక్షలు సర్దాలంటే ఉన్న దారి బ్రిడ్జ్ లోన్, అంటే పాతది అమ్ముడుపోయేదాకా మధ్యకాలానికి ఇచ్చే అప్పు. చాలా బ్యాంకులు ఇస్తాయి, గడువు మామూలుగా రెండేళ్ల లోపు. వడ్డీ హోమ్ లోన్ కంటే ఎక్కువ ఉంటుంది. పాత ఫ్లాట్‌ను కూడా తాకట్టు అడుగుతాయి కాబట్టి, దానిమీద వేరే బ్యాంకు లోన్ ఉంటే ఇక్కడే చిక్కు మొదలవుతుంది. మొత్తం వచ్చిందనే అనుకుందాం. 10 శాతం లెక్కన నెలకు 40 వేల 700 వడ్డీ. హోమ్ లోన్ వడ్డీ 8.5 శాతం అనుకుంటే పాత లోన్ మీద 21 వేలు. ఖాళీగా ఉన్న పాత ఫ్లాట్ మెయింటెనెన్స్ ఒక 4 వేల 500. కొత్త ఇంటి లోన్ వడ్డీ ఎలాగూ కట్టాల్సిందే కనుక దాన్ని పక్కన పెట్టినా, పాతది అమ్ముడుపోని ప్రతి నెలా 66 వేలు ఊరికే పోతాయి. ఇది నష్టం లెక్క. జీతంలోంచి పోయే మొత్తం వేరు. కొత్త లోన్ 20 ఏళ్ల ఈఎంఐ 97 వేల 600, పాత ఈఎంఐ 29 వేల 500, పైన బ్రిడ్జ్ వడ్డీ, మెయింటెనెన్స్. నెల తిరిగేసరికి లక్షా 72 వేలు.

ముందు అమ్మినవాళ్ల లెక్క చూడండి. 54 లక్షలు బ్యాంకులో 6 శాతానికి పెట్టినా నెలకు 27 వేలు వస్తుంది, పన్ను పోగా 20 వేలు అనుకుందాం. 40 వేల అద్దె ఇంట్లో ఉంటే నికరంగా పోయేది నెలకు 20 వేలు. ఆరు నెలలకు లక్షా 20 వేలు. రెండుసార్లు సామాను మార్చడానికి, అద్దిల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఓనరు పట్టుకునే నెల అద్దెకు ఇంకో లక్ష వేసుకోండి. అదే ఆరు నెలలు పాతది అమ్ముడుపోకపోతే 4 లక్షలు. మామూలుగా అయ్యే ఖర్చే ఇది. ఏదైనా అడ్డం తిరిగితే ఎంతవుతుందో ఇందులో లేదు.

అడ్డం తిరిగే మొదటి చోటు బ్యాంకే. ఈఎంఐలన్నీ కలిపి చేతికొచ్చే జీతంలో సగానికి, మహా అయితే 60 శాతానికి మించకూడదని చూస్తారు. భార్యాభర్తలిద్దరికీ కలిపి రెండున్నర లక్షలు వస్తుందనుకుందాం. సగం అంటే లక్షా 25 వేలు. అందులో పాత ఇంటి ఈఎంఐ 29 వేల 500, కారు లోన్ ఓ 15 వేలు తీసేస్తే మిగిలేది 80 వేల 500. దానికి వచ్చే లోన్ 93 లక్షలు దాటదు. మనం అనుకున్న కోటీ 12 లక్షల్లో 20 లక్షలు అక్కడే తెగిపోయాయి. అదే పాత లోన్ తీరిపోయి ఉంటే ఇదే జీతానికి పూర్తి లోన్ వచ్చేది. టోకెన్ ఇచ్చాక ఈ సంగతి తెలిసినవాళ్లు ఏం చేస్తారు? బంగారం బ్యాంకులో పెడతారు. పీఎఫ్ తీస్తారు. ఊళ్లో చిన్నాన్నకో బావకో ఫోన్ చేస్తారు. చేబదుళ్లు చాలకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది గానీ ఏడాదికి 24 శాతం. 10 లక్షలకు నెలకు 20 వేలు.

రెండో చోటు కాగితాలు. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనమంతా కొనబోయే ఇంటి కాగితాలను లాయరుకు చూపిస్తాం, అమ్మబోయే ఇంటివి బీరువాలోంచి తీసి చూడం. 2024 అక్టోబరు నుంచి బెంగళూరులో ఈ-ఖాతా, అంటే నగరపాలిక రికార్డుల్లో ఆస్తి ఎవరిదో చూపే డిజిటల్ పత్రం, లేకుండా రిజిస్ట్రేషన్ జరగదు. ఈ-ఖాతా రావాలంటే సేల్ డీడ్, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఆస్తి పన్ను వివరాలు, యజమానుల ఆధార్ అన్నీ ఒకదానితో ఒకటి సరిపోలాలి. మా చిన్నాన్న కొడుకు బెళ్లందూరు వైపు కొత్త ఇల్లు చూసుకుని, "అక్కా, ఎక్కడ చేజారిపోతుందోనని టోకెన్ ఇచ్చేశాం" అని ఫోన్ చేశాడు. వాళ్ల పాత ఫ్లాట్ ఇద్దరి పేరా ఉంది. సేల్ డీడ్‌లో మా మరదలి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతో ఉంది. మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇది ఎంత మామూలో చెప్పక్కర్లేదు. అది సరిచేయించడానికి అఫిడవిట్లు, ఆఫీసు చుట్టూ తిరుగుళ్లు, సెలవులు. కొనడానికి వచ్చినవాళ్లు కొన్నాళ్లు చూసి వేరే ఫ్లాట్ కొనుక్కున్నారు.

దానికి తోడు వాళ్ల లోన్ మధ్యలో ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మారింది. లోన్ ఉన్న ఇల్లు అమ్మాలంటే ఒరిజినల్ డాక్యుమెంట్లు మన చేతిలో ఉండవు. కొనేవాళ్లు కూడా లోన్ మీదే కొంటారు. వాళ్ల బ్యాంకు మన బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ తీరాలంటే ఎంత కట్టాలో చెప్పే ఉత్తరం), డాక్యుమెంట్ల జాబితా అడుగుతుంది. వాళ్ల లాయరు చూడాలి, విలువ కట్టేవాళ్లు వచ్చి చూడాలి, మన బాకీకి నేరుగా చెక్కు ఇవ్వాలి, అప్పుడు డాక్యుమెంట్లు బయటికి వస్తాయి. లోన్ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలని, ఆలస్యానికి బ్యాంకుదే బాధ్యతయితే రోజుకు 5 వేల చొప్పున పరిహారం కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. మంచి నిబంధన. అయినా ఆ 30 రోజులు మన చేతిలో లేని 30 రోజులే. బ్యాంకు మారినప్పుడు వెళ్లిన జాబితాలో ఒక పాత రసీదు లేదని కొనేవాళ్ల లాయరు ఆపితే దానికో నెల. ఇక ఓసీ (నివాసానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేని బిల్డింగు, బీ ఖాతా (నిబంధనలు పూర్తిగా పాటించని ఆస్తులకు ఇచ్చేది) అయితే చాలా బ్యాంకులు లోనే ఇవ్వవు, రొక్కం పెట్టి కొనేవాళ్ల కోసం వెతుక్కోవాలి.

క్యాలెండరు సంగతి కూడా చెప్పాలి. మన ఫ్లాట్లు ఎక్కువగా కొనేది మనవాళ్లే, లేదా కన్నడిగులు. ఆషాఢంలో ఇద్దరూ కదలరు. మూఢం వస్తే అడ్వాన్సు కూడా ఇవ్వరు. పితృపక్షాల్లో చూడ్డానికి కూడా రారు. దక్షిణం వాకిలి ఫ్లాటయితే తలుపు దగ్గరే వెనక్కి తిరిగిపోయేవాళ్లను చూశాను. నమ్మకాలను తప్పుపట్టడం లేదు, మా ఇంట్లోనూ ముహూర్తం చూసే దిగాం. మూడు నెలల్లో అమ్మేస్తామని లెక్క వేసుకునేటప్పుడు ఆ మూడింటిలో ఎన్ని నెలలు నిజంగా పనికొస్తాయో కూడా చూసుకోమంటున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు, బేరం ఒక ఎత్తు. అపార్ట్‌మెంట్లో ఏ కబురూ దాగదు. "వాళ్లు వేరే ఇల్లు కొనేశారంట, రిజిస్ట్రేషన్ తేదీ దగ్గరపడిందంట" అనే మాట వాచ్‌మన్ దగ్గర మొదలై బ్రోకర్లందరికీ చేరుతుంది. వచ్చినవాడు 85 చెప్తే 76 అంటాడు. మీరు కాదంటే నవ్వి వెళ్లిపోతాడు, మళ్లీ ఫోన్ చేయడు. మీరే చేస్తారని వాడికి తెలుసు. మా తమ్ముడు చివరికి తను అనుకున్న దానికంటే 7 లక్షలు తక్కువకు ఇచ్చేశాడు. ఆ రాత్రి వాడి గొంతు విన్నాను. డబ్బు పోయినందుకు కాదు వాడి బాధ, ఇన్ని నెలలు ఇంట్లో అందరి మీదా అరిచినందుకు. పాప పుట్టినరోజు కూడా సరిగ్గా చేయలేదన్నాడు. ఇల్లు కొనేదే ఇంట్లోవాళ్ల కోసం. వాళ్లకు అలాంటి ఏడాది మిగల్చకూడదని నా పట్టు.

మరి కొత్త ఇంటివైపు? అక్కడ మీరు అగ్రిమెంట్ రాసుకుని 10 శాతం అడ్వాన్సు ఇచ్చి ఉంటారు. గడువులోగా మిగతా డబ్బు కట్టలేకపోతే అది పోవచ్చు. కర్ణాటక నుంచి వెళ్లిన ఒక కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కొనేవారు 20 లక్షలు అడ్వాన్సు ఇచ్చారు, మిగతాది నాలుగు నెలల్లో కట్టాలి, కట్టలేకపోయారు. అడ్వాన్సు జప్తు చేసుకోవచ్చని ఒప్పందంలో రాసి ఉంది కాబట్టి అమ్మినవారు ఆ 20 లక్షలు ఉంచుకోవడం సరైనదేనని కోర్టు అంది. ఒప్పందం పత్రంలో ఆ ఒక్క వాక్యం ఉందో లేదో చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఎందరో.

అమెరికాలో ఉన్న మనవాళ్లు, "మా దగ్గర మా ఇల్లు అమ్ముడుపోతేనే కొంటామని షరతు పెట్టి ఆఫర్ ఇస్తాం" అంటుంటారు. అక్కడ అది మామూలు పద్ధతే. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో కూడా షరతులతో కూడిన ఒప్పందాలకు చోటుంది, రాసుకోవడానికి అడ్డేమీ లేదు. కానీ బెంగళూరులో నచ్చిన ఇంటికి ఓనరు ఆ షరతు ఒప్పుకోవడం అరుదు. అయినా అడగండి. ఇల్లు చాలాకాలంగా ఖాళీగా ఉంటే, ఓనరు వేరే ఊళ్లో ఉంటే ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే "నా ఫలానా ఫ్లాట్ అమ్మకం ఫలానా తేదీలోగా రిజిస్టర్ కాకపోతే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇవ్వాలి" అని స్పష్టంగా రాయించుకోండి. నోటిమాటను నమ్ముకోకండి.

పన్ను చట్టం కూడా ముందు అమ్మినవాళ్ల పక్షానే ఉందని చాలామందికి తెలియదు. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇల్లు అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను ఉంటుంది. 2014లో 42 లక్షలకు కొన్న ఫ్లాట్ 85కు అమ్మితే 43 లక్షల లాభం, 12.5 శాతం చొప్పున 5 లక్షల 37 వేలు. 2024 జులై 23కు ముందు కొన్నవాళ్లకు ద్రవ్యోల్బణం లెక్క తీసి 20 శాతం కట్టే వీలు కూడా ఉంది, ఏది తక్కువైతే అది. ఆ లాభాన్ని ఇంకో ఇంట్లో పెడితే, సెక్షన్ 54 అని అందరూ పిలిచే మినహాయింపు కింద ఈ పన్ను ఉండదు. గడువులు చూడండి. అమ్మిన తర్వాత కొనడానికి రెండేళ్లు ఇచ్చారు. ముందే కొన్నవాళ్లకయితే, కొన్న ఏడాదిలోగా పాతది అమ్మి తీరాలి. ఏడాది దాటి అమ్మితే ఆ ఇంటి పేరు చెప్పి మినహాయింపు అడగలేరు. అంటే ముందు కొన్నవాళ్లకు బ్యాంకు గడువు, అగ్రిమెంట్ గడువుతో పాటు మూడో గడువు కూడా నడుస్తుంటుంది. ముందు అమ్మినవాళ్లు ఆ ఏడాది రిటర్న్ వేసే గడువులోగా కొత్త ఇల్లు కొనకపోతే, లాభం మొత్తాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ స్కీము కింద వేయాలి. అక్కడా వడ్డీ వస్తుంది. ఆ డబ్బు ఇంటికి తప్ప వేరే దేనికీ తీయకూడదు, అంతే.

నాతో వాదించేవాళ్లు వేసే ప్రశ్నల్లో ఒకటి నిజంగా బరువైనది. "నువ్వు అమ్మి అద్దెకు వెళ్లాక రేట్లు పెరిగిపోతే?" కోటిన్నర ఇల్లు 5 శాతం పెరిగితే ఏడున్నర లక్షలు. ఆరు నెలల్లో ఎవరూ ఇవ్వలేని వడ్డీ అది. ఈ ప్రమాదం ఉంది, లేదని చెప్పను. పాతది చేతిలో లేదు కాబట్టి దాని పెరుగుదల కూడా మనకు రాదు. అయినా నేను ఈ వైపే ఎందుకు నిలబడతానంటే, ఈ నష్టం వస్తే దాన్ని తట్టుకునే దారులు నా చేతిలో ఉంటాయి. కొంచెం చిన్న ఇల్లు చూసుకోవచ్చు, ఇంకో రెండు స్టాపులు అవతలికి వెళ్లవచ్చు, ఇంకొన్నాళ్లు ఆగవచ్చు. అప్పు తలమీద పెట్టుకుని పాతది అమ్ముడుపోక కూర్చున్నవాళ్లకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. పైగా చేతిలో డబ్బున్న కొనుగోలుదారుకు బేరంలో విలువ వేరు. మేం ఇప్పుడున్న ఇంటి ఓనరు హైదరాబాదు వెళ్లిపోతూ తొందరలో ఉన్నారు. మాకంటే ఎక్కువ ఇస్తామన్నవాళ్లు ఉన్నా, వాళ్ల ఫ్లాట్ ఇంకా అమ్మాల్సి ఉందని మాకు ఇచ్చారు. "మీకు అమ్మాల్సిందేమీ లేదు కదమ్మా, నాకు అదే కావాలి" అన్నారాయన.

అద్దె కాలాన్ని తగ్గించుకునే ఉపాయాలూ ఉన్నాయి. అమ్మకం అగ్రిమెంట్‌లోనే రిజిస్ట్రేషన్‌కు మూడు నాలుగు నెలల గడువు పెట్టుకోండి. అడ్వాన్సు అందింది, రేటు ఖాయమైంది, ఇప్పుడు నిశ్చింతగా వెతకండి. చూడ్డం అంతకుముందే మొదలుపెట్టినా తప్పులేదు. టోకెన్ మాత్రం అగ్రిమెంట్ తర్వాతే. అద్దెకు ఇచ్చుకోవడానికి కొనేవాళ్లయితే, రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా రెండు మూడు నెలలు మీరే అద్దెకు ఉంటామని అడగండి, రాతపూర్వకంగా. వాళ్లకు మొదటి రోజు నుంచి అద్దె, మీకు సామాను ఒక్కసారే మార్చడం. అది కుదరకపోతే అదే అపార్ట్‌మెంట్లో అద్దె ఫ్లాట్ చూసుకోండి. మేం అదే చేశాం. పక్క బ్లాకులోకి మారాం. పిల్లల స్కూలు బస్సు మారలేదు. మామయ్యకు సాయంత్రం నడక స్నేహితులు మారలేదు. అత్తయ్య మొదటి నెల ఎవరితోనూ మాట్లాడలేదు గానీ, తర్వాత పని మనిషితో సహా అందరికీ తనే చెప్పుకున్నారు, "అమ్మేశాం, పెద్దది చూస్తున్నాం" అని. అడ్వాన్సు డిపాజిట్ విషయంలో మాత్రం గట్టిగా బేరమాడండి. కొన్నిచోట్ల ఇంకా పది నెలల అద్దె అడుగుతున్నారు. మీ డబ్బు అందులో ఇరుక్కుంటే కొత్త ఇంటికి తక్కువ పడుతుంది.

నా మాట అందరికీ వర్తించదు. పాత ఇంటిమీద లోన్ లేకుండా, దాన్ని అద్దెకు ఇచ్చుకుని కొత్త ఈఎంఐ కూడా హాయిగా కట్టగలిగితే మీరు అమ్మాల్సిన అవసరంలోనే లేరు, నచ్చినప్పుడు కొనుక్కోండి. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ బుక్ చేసి, అది పూర్తయ్యేలోగా పాతది అమ్ముదామనుకునేవాళ్లు కొందరు. అందులో కొంత సమయం దొరుకుతుంది నిజమే. 5 శాతం జీఎస్‌టీ అదనం. బిల్డర్లను నియంత్రించే రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు, దాన్ని పట్టుకోండి. కానీ స్లాబు పడిందని డిమాండ్ నోటీసు వచ్చేటప్పుడు మీ ఫ్లాట్ అమ్ముడుపోయిందా అని ఏ బిల్డరూ అడగడు.

ఇది చదివేలోపే టోకెన్, అడ్వాన్సు రెండూ ఇచ్చేసినవాళ్లు ఉంటారు. వాళ్లకు నా విన్నపం వేరు. పాత ఫ్లాట్ రేటు మొదటి నెలలోనే తగ్గించండి, ఆరో నెలలో కాదు. నెలకు 66 వేలు పోతున్నప్పుడు ఇంకో 3 లక్షల కోసం ఆరు నెలలు ఆగితే మిగిలేది ఏమీ లేదు, లక్ష నష్టం. మీ అపార్ట్‌మెంట్లో ఈ మధ్య అమ్మినవాళ్ల ఇంటికి వెళ్లి నిజంగా ఎంతకు ఇచ్చారో అడగండి, చాలామంది చెప్తారు. ఈ-ఖాతా, ఈసీ, పన్ను రసీదులు, బ్యాంకు నుంచి డాక్యుమెంట్ల జాబితా ఈ వారమే తెప్పించుకుని ఒక ఫైలులో పెట్టండి. కొనేవాళ్ల లాయరు అడిగిన రోజే ఇవ్వగలిగితే నెల కలిసొస్తుంది. 50 లక్షలు దాటిన అమ్మకంలో కొనేవాళ్లు మన పన్ను కింద 1 శాతం ముందే (టీడీఎస్) పట్టుకుంటారు, చేతికొచ్చే డబ్బు లెక్కలో అది తీసేసి చూసుకోండి. డబ్బు వచ్చాక ముందు రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్చండి, తర్వాత బ్రిడ్జ్ లోన్, ఆ తర్వాత బంగారం. ఇంకా మిగిలితే కొత్త హోమ్ లోన్‌లో కట్టేయండి. ఫ్లోటింగ్ వడ్డీ లోన్ ముందుగా కట్టినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు.